కోతకాల పండుగ: ఉంగుటూరు, కొల్లేరు ప్రాంతం

పంట చేతికొచ్చిన తరువాత గ్రామ క్రైస్తవ సంఘం తన రాబడిలో తొలి భాగాన్ని గుడికి తెచ్చి అర్పించే కృతజ్ఞతారాధనను కోతకాల పండుగ అంటారు. ఏలూరు, తాడేపల్లిగూడెంల నడుమ ఉన్న ఉంగుటూరు పరిసరాలలోనూ, దిగువన కొల్లేరు పల్లంలోనూ ఈ పండుగ చరిత్ర కాలువ నీటి చరిత్రతో ముడిపడి ఉంది.

బైబిలు పాత నిబంధనలోని ప్రథమఫలాల అర్పణ దీనికి మూలం. ఇంగ్లండు గుళ్ళలో దీని ఆధునిక రూపాన్ని 1843లో కార్న్‌వాల్‌లోని మార్వెన్‌స్టో గ్రామ పాదిరి రాబర్ట్ స్టీఫెన్ హాకర్ ప్రారంభించాడు. అక్కడ వేసవి చివర గోధుమ కోత ముగిశాక జరిగే ఆ పండుగను అదే తేదీకి ఇక్కడ జరపడం సాధ్యం కాదు, ఎందుకంటే సెప్టెంబరులో గోదావరి డెల్టా వరి ఇంకా పచ్చగానే ఉంటుంది. 1841లో మచిలీపట్నం చేరిన చర్చి మిషనరీ సొసైటీ 1854లో ఏలూరులో కేంద్రం నెలకొల్పగా, అంతకు రెండేళ్ళ ముందే, 1852లో, ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ నీటితో స్థిరపడిన సార్వా, అంటే వర్షాకాలపు పంట, నవంబరు, డిసెంబరు నెలల్లో కోతకు రావడంతో తెలుగు సంఘాల పండుగ కూడా ఆ కోతల వెనకకే జరిగింది.

వేసవి కోత మాత్రం దాళ్వాది. శీతకాలంలో నాటి, వంతులవారీగా వదిలే నీటితో పెంచి, మార్చి చివర, ఏప్రిల్‌లో కోసే ఈ రెండవ పంట 1960ల తరువాత బాగా విస్తరించింది. 1960–61లో పశ్చిమ గోదావరి సాంద్ర వ్యవసాయ పథకానికి ఎంపికైన జిల్లాలలో ఒకటి కాగా, 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు ఐఆర్ 8 వంగడాన్ని సాగుచేసి పేరుపొందాడు. వానాకాలంలో ముంపుకు గురయ్యే కొల్లేరు లోతట్టు భూములకైతే వేసవి పంటే ప్రధాన ఆధారం. మారుటేరు పరిశోధన కేంద్రం రూపొందించిన ఎంటీయూ 1010 రకానికి కాటన్‌దొర సన్నాలు అని పేరుపెట్టడంలో ఆనకట్ట జ్ఞాపకం నేటికీ నిలిచి ఉంది. ఈస్టరు మార్చి 22, ఏప్రిల్ 25 మధ్య మారుతుంటుంది కాబట్టి దాళ్వా కోత తరచుగా శ్రమదినాలలో, అంటే ఈస్టరుకు ముందరి నలభై రోజుల ఉపవాస కాలంలోనో, ఆ వెంటనేనో పడుతుంది.

ఈ పండుగ విశిష్టత అర్పించినవారిలో ఉంది. పంతొమ్మిదవ శతాబ్దపు సామూహిక మతాంతరాలలో క్రైస్తవం స్వీకరించినవారిలో అత్యధికులు భూమిలేని మాల, మాదిగ కుటుంబాలవారు. కృష్ణా జిల్లాలో 1859లో బాప్తిస్మం పొందిన రాఘవాపురం పెద్ద పగోలు వెంకయ్య ఈ ఉద్యమానికి ఆద్యుడిగా గుర్తింపు పొందాడు. అందువల్ల గుడిలో బల్ల ముందుకు వచ్చిన గింజలు చాలావరకు సొంత చేలో పండినవి కావు, కోత కూలిగా కొలిచి ఇచ్చినవి, లేదా పరిగెగా, అంటే కోసిన మడిలో రాలిన వెన్నులుగా, ఏరుకున్నవి. బైబిలులోని రూతు కథలో పరిగె ఏరుకొనే విధవ ఈ స్త్రీలకు పరాయి మనిషి కాలేదంటే అందుకు కారణం ఇదే. వంటకు బియ్యం తీసేటప్పుడల్లా పిడికెడు వేరుగా దాచి సంఘానికి ఇచ్చే ‘పిడికెడు బియ్యం’ ఆచారం కూడా ఇటువంటి ఇళ్ళనుంచే పెరిగింది. ఒక పిడికెడు తగ్గితే ఆ పూట తెలిసే ఇళ్ళవి. ఆ కానుక బరువును ఈ లెక్కతోనే కొలవాలి.

1912 డిసెంబరు 29న దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడైన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య పేద సంఘాలు సైతం తమ కానుకలతోనే నిలబడాలని బోధించాడు. కోళ్ళు, గుమ్మడికాయలు, ధాన్యపు బస్తాలు అర్పించి, ఆరాధన తరువాత వేలంపాట పెట్టి, వచ్చిన సొమ్మును సంఘ ఖర్చులకు వాడే పద్ధతి స్థిరపడింది. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలోనూ ఇది కొనసాగింది.

కోత యంత్రాలు వచ్చిన తరువాత పనలు వేసి, కుప్ప నూర్చే పనితోపాటు ధాన్యపు కూలి, పరిగె రెండూ కనుమరుగయ్యాయి. కొల్లేరు అంచుల్లో అనేక మడులు చేపల చెరువులయ్యాయి. నేడు కానుకలో ఎక్కువ భాగం నగదే.