హోల్డాలు, గొంగడి, స్లీపింగ్ బ్యాగు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మనకు 'క్యాంపు' అనే మాటకు ఒకటే అర్థం. దొరగారు క్యాంపులో ఉన్నారంటే ఆఫీసులో లేరని. క్యాంపు క్లర్కు అంటే ఫైళ్ల పెట్టెతో ఆయన వెంట ఊరూరా తిరిగేవాడని. క్యాంపు ముగిసిందంటే టీ.ఏ. బిల్లు రాసుకోవాలని. ఇప్పుడు మాదాపూరు, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేస్తున్న మన పిల్లలూ మనవలూ 'శనివారం క్యాంపుకు పోతున్నాం' అంటే ఆ సంగతే వేరు. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల వైపు వెళ్లి, గుడారం వేసుకుని, ఒక రాత్రి నేల మీద పడుకుని రావడమన్నమాట. వారి వీపున చుట్టగా బిగించిన సంచి ఒకటి ఉంటుంది. అదే స్లీపింగ్ బ్యాగు. మన క్యాంపుకు హోల్డాలు ఎట్లాగో వారి క్యాంపుకు అది అట్లాగ. నిజానికి రెండింటి వెనకా సైన్యమే ఉంది.

హోల్డాలును మన తరం వారు మరచిపోలేరు. మందపాటి కాన్వాసు గుడ్డ, రెండు తోలు పట్టీలు, రెండు చివరలా రెండు సంచులు. లోపల పరుపు, దిండు, దుప్పటి, దోమతెర, లుంగీ, వీలుంటే ఒక చెంబు. ఆ రోజుల్లో రెవెన్యూ అధికారులు నెలకు ఇన్ని నైట్ హాల్టులు గ్రామాల్లో చేసి తీరాలని నియమం ఉండేది. శేరిలింగంపల్లి వైపు అప్పుడు బండరాళ్లు, సీతాఫలం పొదలే. జమాబందికి వెళితే బంట్రోతు హోల్డాలు విప్పి పరిచిన చోటే మా పడక. బ్రిటిష్ సైనికాధికారులు వెంట తీసుకుపోయే 'వుల్స్‌లీ వలీజ్' అనే కాన్వాసు పడకచుట్టకు ఈ హోల్డాలు దగ్గరి చుట్టమే. సైన్యం నుంచి రైలు ప్రయాణాలకు, కలెక్టరాఫీసులకు అలవాటైంది.

మన నగరానికి ఇది కొత్త సంబంధమేమీ కాదు. సికింద్రాబాదును పెద్దలు 'లష్కర్' అనేవారు. ఆషాఢంలో లష్కర్ బోనాలు అని ఇప్పటికీ అంటున్నాం. లష్కర్ అంటే సైన్యం. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో ఒడంబడిక చేసుకున్నాక కంపెనీ పటాలాలు హుస్సేన్ సాగర్‌కు ఈశాన్యాన డేరాలు వేశాయి. 1806లో సికందర్ జా పేరున ఆ చోటు సికింద్రాబాదు అయింది. అంటే జంటనగరాల్లో ఒకటి క్యాంపుగానే పుట్టిందన్నమాట.

ఇక స్లీపింగ్ బ్యాగు కథ. వేల్స్ దేశంలో న్యూటౌన్ అనే ఊరు ఉన్ని నేతకు పేరుపడ్డది. అక్కడి వర్తకుడు ప్రైస్ ప్రైస్-జోన్స్ పోస్టు ద్వారా సరుకులమ్మే వ్యాపారం మొదలుపెట్టినవాడు. ఆయన 1876లో 'యుక్లీసియా రగ్గు' అనేదానికి పేటెంటు తీసుకున్నాడు. ఉన్ని కంబళిని మడిచి సంచిలా బిగించేది, తలవైపు గాలి ఊదుకునే దిండు. మరుసటి ఏడాది రష్యా, తుర్కీ యుద్ధంలో ప్లెవ్నా కోటను ముట్టడించిన రష్యా సైన్యం ఏకంగా 60,000 రగ్గులకు ఆర్డరు ఇచ్చింది. సరుకు అందుతూ ఉండగానే ప్లెవ్నా పడిపోయింది. ఆర్డరు రద్దయి సుమారు 17,000 రగ్గులు ఆయన గోదాములో మిగిలిపోయాయి. వాటిని ఆయన తన సరుకుల పట్టీలో చేర్చి మామూలు జనానికి అమ్మాడు. ఆస్ట్రేలియాలో ఆరుబయట పడుకునే పనివాళ్లకు కూడా అవి చేరాయట. అంటే సైన్యానికి మిగిలిన పడక షికారుకు పోయేవాడి చేతికి రావడం ఆదినుంచీ ఉన్నదే. రెండో ప్రపంచ యుద్ధం తరువాత మన దేశంలోనూ 'మిలిటరీ డిస్పోజల్స్' పేరుతో అమ్మిన కంబళ్లు, బూట్లు, నీళ్ల సీసాలు ఇళ్లకు చేరాయి. ప్రభుత్వ కొనుగోళ్లతో పాటు అమ్మకాలూ చూసిన సప్లైస్ అండ్ డిస్పోజల్స్ డైరెక్టరేటు జనరల్‌ను 2017లో మూసివేశారు. స్టోర్సు సెక్షనులో పనిచేసినవారికి ఆ పేరు వింటే ఎన్నెన్నో ఇండెంట్లు గుర్తుకు రాక మానవు.

అయితే వేల్స్ వర్తకుడి కంటే చాలా ముందే మన గొల్ల కురుమలకు ఈ విద్య తెలుసు. దక్కను నల్లగొర్రెల ఉన్నితో నేసిన గొంగడి నెత్తిన కొప్పెర పెట్టుకుంటే వానకు గొడుగు, పరుచుకుంటే పడక, చుట్టుకుంటే దుప్పటి. తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. గుచ్చుకుంటుందన్న మాట నిజమే. మన ఇళ్లలో పాత చీరలు పొరలు పొరలుగా కుట్టిన బొంతలోనూ సూత్రం అదే. పొరల మధ్య నిలిచిన గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఏ సంచీ వేడిని పుట్టించదు, ఉన్నదాన్ని కాపాడుతుంది అంతే. స్లీపింగ్ బ్యాగులో బాతు ఈకల నూగు అయినా, పాలియెస్టరు దూది అయినా చేసే పని గాలిని బంధించడమే. నూగు తేలికగా ఉంటుంది గాని తడిస్తే ముద్దయిపోయి పనికిరాదు. పాలియెస్టరు బరువెక్కువ, కాని తడిసినా పూర్తిగా చేతులెత్తేయదు.

ఈ చిన్న విషయం తెలియకో, తెలిసీ సరుకు అందకో మన జవాన్లు ఎంత మూల్యం చెల్లించారో 1962 చెబుతుంది. ఆ ఏడాది అక్టోబరులో నంకాచూ వాగు గట్టున, 10 వేల అడుగులకు పైబడిన ఎత్తున మన పటాలాలు పలుచని నూలు యూనిఫారాలతో, చాలీచాలని కంబళ్లతో చలిలో కాపలా కాశాయి. 20వ తేదీన చైనా దాడి మొదలయ్యేనాటికే చలి వారిని సగం ఓడించింది. 1984 ఏప్రిల్‌లో సియాచిన్ మీదికి సైన్యం వెళ్లాక ఉష్ణోగ్రత మైనస్ 50 డిగ్రీలకు దిగే చోట మనిషి ఏడాది పొడుగునా బతకాలి. అక్కడ స్లీపింగ్ బ్యాగు సుఖం కోసం కాదు, ప్రాణం కోసం. అయినా 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక మంచు కళ్లద్దాలు, బూట్ల కొరతతో పాటు, కొన్ని రకాల సరంజామాతో బాటు స్లీపింగ్ బ్యాగులు కూడా పాత రకానివే కొన్నారని, మెరుగైనవి జవాన్లకు అందకుండా పోయాయని తప్పుపట్టింది. ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు రాస్తూ జీవితం గడిపిన నాబోటివాడికి కూడా ఆ పేరా చదివితే మనసు కలుక్కుమంది. అందులో ఉన్నవి అంకెలు కావు, మంచులో పడుకునే పిల్లలు. 2022 డిసెంబరులో డీ.ఆర్.డీ.వో. మైనస్ 50 డిగ్రీల దాకా పనికొచ్చే శీతల దుస్తుల పరిజ్ఞానాన్ని అయిదు భారతీయ కంపెనీలకు అప్పగించింది. ఆలస్యమైనా మంచి పని.

సైన్యపు దుస్తులు కుట్టే షాజహాన్‌పూర్ కర్మాగారం 1914 నాటిది, ఆవడిది 1961 నాటిది. 2021 అక్టోబరు 1 నుంచి ఇవి కాన్పూరు కేంద్రంగా ఉన్న ట్రూప్ కంఫర్ట్స్ లిమిటెడ్ కిందికి వచ్చాయి. మన ఎద్దుమైలారం కర్మాగారం హైటెక్ సిటీకి దగ్గరే గాని అక్కడ తయారయ్యేవి యుద్ధ వాహనాలు, పడకలు కావు.

ఇంత చరిత్ర ఎందుకంటే, మా మనవడు, అలాంటివాళ్లే మరికొందరు నన్ను అడిగిన ప్రశ్న ఒకటుంది: 'తాతయ్యా, మిలిటరీ స్లీపింగ్ బ్యాగు కొంటే మంచిది కదా?' గట్టిదనంలో మంచిదే. కుట్టు దిట్టం, జిప్పు మొండిది, సులభంగా చిరగదు. కాని ఎవరి కోసం కుట్టారన్నది చూడాలి. అమెరికా సైన్యం 1990ల నుంచి వాడిన మూడు పొరల పడకనే తీసుకోండి. పలుచని ఆకుపచ్చ సంచి, దాని లోపల మందపాటి నల్ల సంచి, పైన నీరు దిగని తొడుగు. మూడూ కలిపితే మైనస్ 34 డిగ్రీల దాకా ఆగుతుంది, బరువు సుమారు 5 కిలోలు. అనంతగిరికి అంత మోత దేనికి? హైదరాబాదులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు. మామూలు డిసెంబరు రాత్రి 14, 15 డిగ్రీలు ఉంటుంది. ఆ మూడింటిలో పలుచనిది ఒక్కటి చాలు. ఎండాకాలం అయితే నూలు దుప్పటిని మూడు పక్కలా కుట్టుకున్నా సరిపోతుంది, దర్జీ మిషను ఉన్న ఇంట్లో అరగంట పని.

సంచి మీద మైనస్ 20 అని పెద్ద అక్షరాలతో ఉంటే పిల్లలు మురిసిపోతారు. అక్కడ జాగ్రత్త. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మూడు అంకెలు ఉంటాయి: హాయిగా పట్టే నిద్రకు ఒకటి, ముడుచుకుని పడుకునేందుకు ఒకటి, చచ్చిపోకుండా ఉండేందుకు ఒకటి. దుకాణంలో పెద్దగా కనిపించేది ఒక్కోసారి ఆ మూడోది. చూడవలసింది మొదటిది. ఇంకొకటి, ఒంటి కింద నలిగిన దూదిలో గాలి నిలవదు, అందుకే చలి పైనుంచి కంటే నేలనుంచి ఎక్కువ ఎక్కుతుంది. మంచి మ్యాటు లేకుండా ఎంత ఖరీదైన సంచి కొన్నా వృథా. బండ మీద పడుకునేవారికి ఇది మరీ అవసరం. మ్యాటు కింద గొంగడి పరిస్తే ఇంకా మేలు.

తల దగ్గర సన్నగా, కాళ్ల దగ్గర ఇంకా సన్నగా ఉండే మమ్మీ ఆకారపు సంచులు మన వయసు వారికి వద్దని నా సలహా. రాత్రి రెండుమూడుసార్లు లేవవలసినవాళ్లం, చీకట్లో జిప్పు వెతుక్కుంటూ పడిపోతే నడుము విరుగుతుంది. చదరంగా పూర్తిగా విప్పుకునే రకం నయం. సంచి ఆకుపచ్చగా ఉంటే ఫర్వాలేదు గాని 2022లో సైన్యం ప్రవేశపెట్టిన కొత్త మచ్చల యూనిఫారం లాంటి బట్టలు వేసుకుని తిరగవద్దని పిల్లలకు చెప్పండి. సైనికుడినని నమ్మించడానికి అలాంటి వేషం వేస్తే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షను ప్రకారం నేరం. అడవిలో బసకు అటవీ శాఖ అనుమతి కూడా కావాలి.

ఈ కొండలూ బండలూ ఉత్త షికారుకే అనుకోకండి. 1998 నవంబరు 22న వాజ్‌పేయీ గారు సైబర్ టవర్స్ ప్రారంభించే నాటికే బండలు పోతున్నాయని 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. ఖాజాగూడలో మిగిలినవి ఇప్పుడు ఐటీ పిల్లలకు ఎక్కే గుట్టలు. భువనగిరి బండ మీద తర్ఫీదు మొదలుపెట్టిన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పుడు 13 ఏళ్ల 11 నెలలు. నిజామాబాదు జిల్లా ఎండల్లో పెరిగిన ఆ పిల్ల, ఖమ్మం జిల్లా ఆనంద్, డార్జిలింగులో, లడఖ్‌లో చలికి అలవాటు పడి గాని పైకి పోలేదు.

సంచిని ఇంట్లో చుట్టగా బిగించి అటక మీద పారేయవద్దు. నెలల తరబడి నలిగితే లోపలి దూది తిరిగి ఉబ్బదు. పెద్ద నూలు సంచిలో వదులుగా పెట్టి బీరువాలో వేలాడదీయాలి. క్యాంపు నుంచి రాగానే నీడన ఆరబెట్టాలి, మంచు తడి కంటికి కనిపించకపోయినా ఉంటుంది. డిస్పోజల్ సరుకు కొనేవారు ముందు జిప్పును నాలుగుసార్లు పైకీ కిందికీ లాగి చూసి, ఆ తరువాతే బేరం మొదలుపెట్టాలి.