మఱపునఁబడిన తెలుఁగు చిత్రములు

తాళపత్రగ్రంథముల చరిత్ర నెఱిఁగినవారి కొక సత్యము సుపరిచితము. గ్రంథము చెదలచేతఁ గంటె నుపేక్షచేత నెక్కువగా నశించును. చదువరు లున్నంతకాలము పాతప్రతి శిథిలము గాకమునుపే క్రొత్తప్రతి పుట్టుచుండును. చదువరులు లేనినాఁడు వ్రాయసకాఁడును లేఁడు. కొన్నాళ్లకు గ్రంథమును లేదు. లక్షణగ్రంథములలో నుదాహృతములైన యొకటి రెండు పద్యములు దక్క నేమియు మిగులని కావ్యములు మన వాఙ్మయమునఁ బెక్కులు గలవు. ఈ న్యాయము తాటియాకునకే గాక చలనచిత్రపు ఫిల్మునకును సరిగా వర్తించును. చూచువారు లేని చిత్రమునకుఁ బ్రతి తీయువా రుండరు. కావున మంచి చిత్రమును నలుగురకుఁ జెప్పి చూపించుట వినోదకార్యము మాత్రమే కాదు, రక్షణకార్యము కూడ నని నా మనవి.

ఇందులకుఁ దార్కాణము తొలి తెలుఁగు టాకీయే. హెచ్. ఎం. రెడ్డిగారి దర్శకత్వమున వచ్చిన 'భక్త ప్రహ్లాద' తెలుఁగున మొదటి పూర్తి నిడివి వాక్చిత్రము. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నాటకమును సురభివా రాడుచుండఁగా, దానినే చిత్రముగాఁ దీసిరి. ఇది 1931 సెప్టెంబరు 15వ తేదీన విడుదలయ్యెనని చిరకాలము వ్రాయుచు వచ్చిరి. ఇటీవలి పరిశోధనమువలన దీని సెన్సారు పత్రము 1932 జనవరి 22వ తేదీ నాఁటిదనియు, బొంబాయి కృష్ణా సినిమాలో 1932 ఫిబ్రవరి 6వ తేదీన మొదట ప్రదర్శింపఁబడె ననియుఁ దేలినది. తేదీ దొరకినది, చిత్రము మాత్రము దొరకలేదు. సురభి కమలాబాయిగారి లీలావతిని, మునిపల్లె సుబ్బయ్యగారి హిరణ్యకశిపుని నేఁడు మనము చూడఁజాలము.

ఈ నష్టమునకుఁ గారణములు గూఢములు కావు. 1950 ప్రాంతము వఱకు వాడుకలో నుండిన నైట్రేటు ఫిల్ము తన స్వభావముచేతనే క్రమముగాఁ జివికిపోవును. నిప్పు సులభముగా నంటుకొనును. ఆట ముగిసిన ప్రతులను వానిలోని వెండికొఱకుఁ గరఁగించుటయు నుండెడిది. పుణేలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964వ సంవత్సరమున నేర్పడునప్పటికిఁ దెలుఁగు టాకీకి ముప్పదిరెండేండ్లు నిండినవి. 2003లో నచటనే జరిగిన యగ్నిప్రమాదమున మఱికొన్ని నైట్రేటు చిత్రములు భస్మమైనవి.

సినిమాతోఁ బండితులకుఁ బని యేమి యని కొంద ఱడుగవచ్చును. యక్షగానములను గూర్చియు నొకప్పు డిట్లే యడిగిరి. నేఁడవి సాహిత్యచరిత్రమున నధ్యాయములై యున్నవి. కథయో నాటకమో నవలయో తెరకెక్కినపు డది మూలగ్రంథమున కొక వ్యాఖ్యానమగును. దర్శకుఁడు దేనిని విడిచెను, దేనిని మాఱ్చెను, దేనిని బెంచెను అను ప్రశ్నలు పాఠపరిష్కర్త కడుగఁదగిన ప్రశ్నలే. ఈ దృష్టితో నైదు చిత్రములను మాత్రము గ్రహించి, అవి యేల చూడఁదగినవో విన్నవించెదను. వీనిలోఁ గొన్నిటికి బహుమానములు వచ్చినవి. ఒక దానికిఁ దన కాలమునఁ గీర్తియు హెచ్చు. అయినను నేఁడు వీనిని పేరు విని యెఱిఁగినవారే గాని చూచినవా రరుదు.

మొదటిది 'మాలపిల్ల' (1938). సారథివారి యీ చిత్రమునకు గూడవల్లి రామబ్రహ్మముగారు దర్శకులు. కథ గుడిపాటి వెంకటచలముగారిది. మాటలు తాపీ ధర్మారావుగారివి. దేవాలయప్రవేశము, హరిజనయువతికిని బ్రాహ్మణయువకునికిని గల ప్రణయము దీని విషయములు. తిరువాన్కూరులో దేవాలయప్రవేశ ప్రకటనము 1936లో వెలువడినది. మదరాసు రాజధానిలో దేవాలయప్రవేశపుఁ జట్టము 1939లో వచ్చినది. ఈ రెంటి నడుమ, వివాదము రగులుకొని యున్న నడిమికాలమున వచ్చిన చిత్ర మిది. ఆనాఁటి వాదప్రతివాదముల నుపన్యాసములలోఁ జదువుట వేఱు. గోవిందరాజుల సుబ్బారావుగారు ధరించిన సుందరరామశాస్త్రి మొగమునఁ జూచుట వేఱు. ఆచారనిష్ఠుఁడగు నాయన పరిహాసపాత్రముగాఁ జిత్రింపఁబడలేదు. ఆయన నమ్మకమునకు బలము గలదు. కావుననే యాయన మనసు మాఱుటకు విలువ గలదు. భాషావిషయమున మఱియొక విశేషము. అంతకుమున్ను మన టాకీలు చాలవఱకు రంగస్థలనాటకములే యగుటచేఁ బద్యములతోను గ్రాంథికవచనముతోను నడచెడివి. ధర్మారావుగారు పాత్రలచేత వాడుకభాషను బలికించిరి. గ్రాంథిక వ్యావహారిక వివాదమును బరిశీలించువారు పత్రికలతోఁ దృప్తిపడక యీ చిత్రమును జెవులార వినవలయును.

రెండవది 'వరవిక్రయము' (1939). కాళ్లకూరి నారాయణరావుగారు 1921లో రచించిన నాటక మెల్లరకుఁ దెలిసినదే. పెద్దకూఁతురు కాళింది పెండ్లికై తండ్రి పురుషోత్తమరావు భూమి నమ్మి కట్నము సమకూర్ప సిద్ధపడును. అది సహింపలేక కాళింది ప్రాణము విడుచును. చెల్లెలు కమల యా వరునినే పెండ్లాడి, పిమ్మట నత్తవారింటికిఁ బోక, కొన్న వస్తువు కొన్నవారి యింటికి రావలయును గాని కొన్నవా రేల పోవలయు నని నిలువరించును. వ్యవహారన్యాయముతోనే దురాచారమును జిక్కించిన యీ యుక్తియే నాటకమునకుఁ బ్రాణము. సి. పుల్లయ్యగారు కలకత్తా ఈస్టిండియా ఫిల్ము కంపెనీకై దీనిని జిత్రించిరి. కమలగా పుష్పవల్లిగారు, కాళిందిగా భానుమతిగారు నటించిరి. భానుమతిగారి కిదియే తొలి చిత్రము. లోభియగు సింగరాజు లింగరాజు పాత్రమును ధరించినవారు 'హరిశ్చంద్రీయ' నాటకకర్తయైన బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు. ఒక నాటకకవి మఱియొక నాటకకవి సృష్టించిన పాత్రమున నటించుట సామాన్యముగా దొరకు దృశ్యము కాదు. ఆనాఁటి రంగస్థలవాచికము, పద్యపఠనపు తీరు, హాస్యమున విఱుపు ఎట్లుండెనో తెలిసికొనఁగోరువారి కిది ప్రత్యక్షప్రమాణము. వరకట్ననిషేధచట్టము 1961లో వచ్చినను దురాచారము తొలఁగలేదు గావున, కమల ప్రశ్న పాతబడినదని చెప్ప వీలులేదు.

మూఁడవది 'బంగారుపాప' (1955). నా యెఱిఁగినంతలో నుపేక్షచే మిక్కిలి నష్టపడిన చిత్ర మిదియే. బి. ఎన్. రెడ్డిగారు దర్శకులు, రచనము పాలగుమ్మి పద్మరాజుగారిది, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి. మూలము ఆంగ్లనవలాకర్త్రి జార్జి ఎలియటు 1861లో ప్రకటించిన 'సైలసు మార్నరు'. చేయని దొంగతనము మోపఁబడి, మనుష్యులయందు విశ్వాసము గోల్పోయి, యొంటరిగా బ్రదుకు సాలెవాఁడు కూడఁబెట్టిన బంగారమును బోఁగొట్టుకొనును. ఒకనాఁటి చీఁకటివేళ తన పొయ్యియొద్ద బంగారువన్నె వెండ్రుకలుగల పసిబిడ్డ కానఁబడఁగాఁ దన ధనమే తిరిగివచ్చె నని యాతఁడు భ్రమించును. నవలకు మూలకందము ఈ భ్రమయే.

ఈ ఘట్టమును దెలుఁగుచేయుట యెట్లు? మన పల్లెబిడ్డలకుఁ బచ్చని వెండ్రుక లుండవు. అక్షరానువాదకుఁ డిచట నోడిపోవును. కాని యే తెలుఁగుతల్లి తన బిడ్డను 'బంగారు' అని పిలువదు? ఆంగ్లమునఁ గంటికిఁ గనఁబడు పోలిక తెలుఁగున నోటిమాటలో నిదివఱకే యున్నది. చిత్రమునకుఁ బెట్టిన పే రొక్కటియే యీ కష్టమును దీర్చినది. వెండ్రుకల వన్నె పోయినను బిడ్డయే బంగార మను భావము నిలిచినది. అనువాదమున శబ్దమును విడిచి జీవమును బట్టుట యిట్లని విద్యార్థులకుఁ జూపుట కింతకంటె మంచి యుదాహరణము నే నెఱుఁగను.

మోసమున కెరయై కరడుకట్టిన కోటయ్యగా ఎస్. వి. రంగారావుగారు నటించిరి. రాక్షసపాత్రములకుఁ బేరొందిన యా విగ్రహము, ఆ కంఠము, ఒక పసిబిడ్డ చేయి తగులఁగానే యెట్లు మెత్తఁబడునో చూచి తీరవలయును. బిడ్డ పెరిగి పెద్దదైన పిమ్మట జన్మ మిచ్చిన తండ్రి వచ్చి తనదని యడుగుటతోఁ గథ పరీక్షకు వచ్చును. కన్నవాఁడు తండ్రియా, పెంచినవాఁడు తండ్రియా? యశోదాదేవకుల కథను బాలురకుఁ బాఠము చెప్పు మనకీ ప్రశ్న క్రొత్త గాదు. చిత్రము ధనము నార్జింపలేదు; అది మఱుగున నుండుట కిదియే కారణము గాని గుణలోపము గాదు.

నాల్గవది 'ఒక ఊరి కథ' (1977). బంగాళీ దర్శకుఁడగు మృణాల్ సేన్‌గారు ప్రేమ్‌చంద్ రచించిన 'కఫన్' కథను దెలంగాణపు పల్లెకుఁ దెచ్చి తీసిన తెలుఁగు చిత్ర మిది. ముఖ్యపాత్రమగు వెంకయ్యను గన్నడనటుఁడు ఎం. వి. వాసుదేవరావుగారును, కోడలు నీలమ్మను బంగాళమునుండి వచ్చిన మమతా శంకర్‌గారును ధరించిరి. వెంకయ్య పనిచేయఁడు. సోమరితనముచేతఁ గాదు, కష్టపడిన కొలఁది భూస్వామి బలియునే గాని తాను బలియఁ డని యాతని సిద్ధాంతము. ఊరిలో నాలుగుపూఁట లొడలువంచి పనిచేయువారి స్థితియు నీతని స్థితికంటె మెఱుఁగు గాదని ప్రేమ్‌చందే కథ నడుమ సూచించెను. సేన్‌గా రా సూచనను బెంచి చిత్రమంత చేసిరి. కాని యీ సిద్ధాంతము మూల్యమును జెల్లించునది వెంకయ్య గాదు, పాటుపడి యిల్లు నిలుపఁజూచిన నీలమ్మ. ప్రసవవేదనలో నామె మరణింపఁగా శవవస్త్రమునకై తండ్రీకొడుకులు యాచింపఁబోవుదురు. కథ చదివినవారు చిత్రపు ముగింపును గథ ముగింపుతోఁ బక్కపక్కనఁ బెట్టి చూడుఁడు. భూమిక మాఱిన మాత్రమున వ్యాఖ్యాన మెంత మాఱఁగలదో తెలియును.

అయిదవది 'దాసి' (1988). బి. నర్సింగరావుగారి యీ చిత్రమునకు జాతీయపురస్కారము లైదు వచ్చినవి. నటనమునకు అర్చనగారు, ఛాయాగ్రహణమునకు ఎ. కె. బీర్‌గారు, కళాదర్శకత్వమునకుఁ జిత్రకారులు తోట వైకుంఠముగారు బహుమతు లందిరి. కథాకాలము 1920 తరువాతి తెలంగాణము. దొర గడీలో నూడిగముచేయు కమలాక్షి యను దాసి నిత్యజీవితమే కథ. వధువుతోఁ గూడ దాసీలను నత్తవారింటి కంపు నాచారమును, వెట్టిచాకిరిని మనము గ్రంథములలోఁ జదివియున్నాము. నిజామురాష్ట్ర ఆంధ్రమహాసభ 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జరిగిన నాఁటి సంఘస్థితి యిదియే. ఆ ప్రతాపరెడ్డిగారే తమ 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధములను విడిచి జనుల తిండి, బట్ట, యాట, యాచారములను లెక్కించి చరిత్రకుఁ గ్రొత్తదారి చూపిరి. 'దాసి' యా దారినే కెమెరాతో నడచినది. వాకిలి యూడ్చుట, నీళ్లు తోడుట, పిలుపునకుఁ బరుగెత్తుట మొదలగు పనులే యిందు సంఘటనలు. మాటలు మిక్కిలి తక్కువ. మాటాడుట కధికారములేని మనిషి కథ కావున నా మౌనమే సరియైన భాష. దొరవలన గర్భవతియైన కమలాక్షికి గర్భమును నిలుపుకొను స్వాతంత్ర్యమును లేకపోవుటతోఁ జూపఱి యెడఁద బరువెక్కును. శాసనములలో దాసీదానములను జదివి సంవత్సరమును, దాత పేరును మాత్రము వ్రాసికొను మా వంటివా రొక్కసారి యీ చిత్రమును జూచి, దత్తమైన మనిషికిఁ గూడ నొక పేరును, నొక దినచర్యయు నుండె నని స్మరించుట మంచిది.

ఈ చిత్రములు దోషరహితము లని నే ననను. తొలి రెంటిలో ధ్వని యస్పష్టము. పాట లవసరమునకు మించియున్నవి. 'బంగారుపాప' కొన్నిచోట్ల మెల్లగా నడచును. 'దాసి' చూపఱి యోరిమిని గట్టిగానే పరీక్షించును. ప్రాచీనకావ్యములను జదువునపు డీపాటి యోరిమి మనకుఁ గలదు గదా. దానినే యిచటఁ జూపిన జాలును.

పండితులకు నా విన్నపములు మూఁడు. నాటకమును గాని కథను గాని పాఠము చెప్పునపుడు దానినుండి పుట్టిన చిత్రమును గూడ విద్యార్థులకుఁ జూపి, భేదములను వారిచేత వ్రాయించునది. చూచిన చిత్రమునుగూర్చి, తాళపత్రప్రతిని వర్ణించినట్లే, దొరకిన ప్రతి నిడివి, లోపించిన భాగములు, మాటల పాటల కర్తలు మున్నగువానిని వివరముగా వ్రాసి ప్రకటించునది. తుదకు, మీ యిండ్ల యటకలమీఁద వెనుకటి సినిమా పాటల పుస్తకములు దొరకినచోఁ బాఱవేయకుఁడు. నాఁడు టాకీహాళ్లలో నమ్మిన యా పలుచని పుస్తకములలోఁ గథాసంగ్రహము, పాత్రధారుల పేర్లు, పాటలు ముద్రితములై యున్నవి. చిత్రము నశించినచోట నవియే మిగిలిన సాక్ష్యములు, లక్షణగ్రంథములలోని యుదాహరణపద్యములవలె.

'భక్త ప్రహ్లాద' విషయమున మనము మేలుకొనునప్పటికే కాలము మించిపోయినది. పై యైదింటి విషయమున నింకను మించలేదు. చూచుటయే వానికిఁ బ్రతి వ్రాయుట.