తెలుగువారి ముద్రణ చిత్రకళ

చిత్రకారుడు లోహపు పలక మీదో, చెక్క మీదో, సున్నపురాయి మీదో రూపాన్ని స్వయంగా సిద్ధం చేసి, దానికి రంగు పట్టించి, కాగితం మీద ఒత్తి తీసే కళను ముద్రణ చిత్రకళ లేదా ప్రింట్‌మేకింగ్ అంటారు. ఒకే పలక నుంచి పదులకొద్దీ ప్రతులు తీయవచ్చు. అయినా వాటిలో ఏదీ నకలు కాదు. కాగితం మీద కనిపించే రూపం అంతకు ముందు మరెక్కడా ఉండదు కాబట్టి ప్రతి ఒక్కటీ అసలు చిత్రమే. కృష్ణారెడ్డి, కె. లక్ష్మాగౌడ్ అనే ఇద్దరు కళాకారుల కృషితో 20వ శతాబ్దపు ముద్రణ చిత్రకళలో తెలుగువారికి అంతర్జాతీయ స్థానం దక్కింది.

ప్రధాన పద్ధతులు

ముద్రణలో నాలుగు ప్రధాన పద్ధతులు ఉన్నాయి. చెక్క అచ్చులోను, లినోకట్‌లోను అక్కర్లేని భాగాన్ని చెక్కి తీసేస్తారు. ఎత్తుగా మిగిలిన భాగమే రంగు పట్టి కాగితం మీద పడుతుంది. ఇంటాగ్లియోలో దీనికి పూర్తిగా విరుద్ధం. పలకలోని గాట్లలో రంగు నింపి పైభాగాన్ని తుడిచేస్తారు. లితోగ్రఫీ నూనె, నీరు కలవవన్న సూత్రం మీద నడుస్తుంది. సెరిగ్రఫీలో పట్టు లేదా నైలాన్ తెర గుండా రంగును కిందికి దింపుతారు.

ఇంటాగ్లియోలో బాగా వ్యాప్తిలో ఉన్నది ఎచింగ్. మెరుగుపెట్టిన జింకు లేదా రాగి పలకకు మైనం, తారు కలిపిన పలుచని పూత పూస్తారు. పూత గట్టిపడ్డాక సూదితో బొమ్మ గీస్తారు. సూది లోహాన్ని కోయదు, గీసినంత మేర పూతను మాత్రమే తొలగిస్తుంది. ఆ తర్వాత పలకను నత్రికామ్లంలో ఉంచితే, పూత తొలగిన చోట లోహం కరిగి గాటు పడుతుంది. ఆమ్లంలో ఎక్కువసేపు ఉన్న గీత లోతుగా దిగి, కాగితంపై చిక్కటి నలుపుగా వస్తుంది. సన్నగా ఉండవలసిన గీతలను కాసేపటికే వార్నిష్‌తో కప్పి, మిగిలినవాటి కోసం పలకను మళ్లీ ఆమ్లంలో ముంచుతారు. నీడలు, బూడిద ఛాయలు కావాలంటే రోజిన్ పొడిని పలకపై చల్లి, కింది నుంచి వేడిచేసి అంటిస్తారు. ఆమ్లం ఆ రేణువుల సందుల్లోకి దిగి పలక ఉపరితలాన్ని సన్నగా గరుకు చేస్తుంది. దీని పేరు ఆక్వాటింట్. చివరికి గాట్లలో ఇంకు నింపి, పైభాగాన్ని గుడ్డతోను, అరచేతితోను తుడిచి, తడిపిన కాగితం పరచి, ఆపైన మందపాటి ఉన్ని గుడ్డలు కప్పి, ఉక్కు రోలర్ల మధ్య నడిపిస్తారు. ఆ ఒత్తిడికి కాగితం గాట్లలోకి దిగి ఇంకును పైకి తెస్తుంది. పలకపై కుడివైపు ఉన్నది కాగితంపై ఎడమవైపు వస్తుంది కాబట్టి కళాకారుడు మొదటి నుంచీ తిరగేసి ఆలోచించాలి.

అభివ్యక్తివాదంతో సంబంధం

కంటికి కనిపించే రూపాన్ని ఉన్నదున్నట్టు చూపడం కంటే మనసులోని ఉద్వేగాన్ని రేఖలో, రంగులో పలికించడమే ముఖ్యమని అభివ్యక్తివాదులు భావించారు. ఎక్స్‌ప్రెషనిజం అనే ఈ ధోరణి జర్మనీలో బలపడింది. 1905లో డ్రెస్డెన్‌లో ఏర్పడిన డీ బ్రూకె బృందం చెక్క అచ్చును తన ప్రధాన సాధనాల్లో ఒకటిగా చేసుకుంది. ఉలి దెబ్బల మొరటుదనం, తెలుపు నలుపుల తాకిడి వారు చెప్పదలచిన ఆవేదనకు సరిపోయాయి. జర్మన్ కళాకారిణి కేథే కోల్విట్స్ నేత కార్మికుల తిరుగుబాటు మీద, రైతుల పోరు మీద, యుద్ధంలో బిడ్డలను కోల్పోయిన తల్లుల మీద ముద్రణ చిత్ర మాలికలు చేసింది.

మన దేశంలో ఈ బాటకు బెంగాల్ ముఖద్వారం. గగనేంద్రనాథ్ ఠాగూర్ 1917 నుంచి లితోగ్రాఫ్ వ్యంగ్యచిత్రాల సంపుటాలు వెలువరించి, సమాజంలోని ఆడంబరాన్ని ఎగతాళి చేశారు. జర్మనీలోని బౌహౌస్ కళాపాఠశాలకు చెందిన క్లీ, కాండిన్‌స్కీ వంటి కళాకారుల రచనలు 1922 డిసెంబరులో కలకత్తాలో ప్రదర్శనకు వచ్చాయి. దండియాత్ర నేపథ్యంలో నందలాల్ బోస్ 1930లో చేసిన గాంధీ లినోకట్ దేశమంతటా ప్రసిద్ధి పొందింది. 1943 బెంగాల్ కరువు చిత్తప్రసాద్, సోమనాథ్ హోర్ వంటి కళాకారులను కదిలించింది. నందలాల్ బోస్ నడిపిన శాంతినికేతన్ కళాభవన్ నుంచే తెలుగు ముద్రణ చిత్రకళకు రెండు దారులు వచ్చాయి. ఒకటి నేరుగా కృష్ణారెడ్డికి, మరొకటి అక్కడే చదివిన కె.జి. సుబ్రమణ్యన్ ద్వారా లక్ష్మాగౌడ్‌కు చేరింది.

కృష్ణారెడ్డి

కృష్ణారెడ్డి 1925లో చిత్తూరు సమీపంలోని నందనూరులో పుట్టారు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాలలో చదివి, 1940లలో శాంతినికేతన్ చేరి నందలాల్ బోస్ శిష్యుడయ్యారు. కరువు బాధితులను చూస్తూ రేఖాచిత్రాలు వేశారు. మద్రాసు కళాక్షేత్రంలో కొంతకాలం చిత్రకళ బోధించి, 1940ల చివర్లో లండన్ వెళ్లి స్లేడ్ స్కూల్లో చేరారు. హెన్రీ మూర్ వద్ద, ఆ తర్వాత పారిస్‌లో ఒసిప్ జాడ్‌కిన్ వద్ద, మిలాన్‌లో మరీనో మరీనీ వద్ద శిల్పం అభ్యసించారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది పారిస్‌లోని అటెలియే 17. స్టాన్లీ విలియం హేటర్ 1927లో స్థాపించిన ఈ కార్యశాలలో పికాసో, మీరో వంటివారు పనిచేశారు. కృష్ణారెడ్డి 1950లలో ఇక్కడ చేరి, 1964లో సహ సంచాలకుడయ్యారు. 1976లో న్యూయార్క్‌కు మారి న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ముద్రణ చిత్రకళ విభాగాన్ని నడిపించారు. భారత ప్రభుత్వం 1972లో పద్మశ్రీతో గౌరవించింది. 2018 ఆగస్టులో న్యూయార్క్‌లో మరణించారు.

ఒకే పలకపై అనేక రంగులు

అంతకు ముందు రంగుల ఇంటాగ్లియోకు సాధారణంగా రంగుకొక పలక చేసుకుని, ఒకే కాగితాన్ని వాటన్నిటి మీదా వరుసగా ఒత్తేవారు. కాగితం రవ్వంత జరిగినా రంగులు కుదిరేవి కావు. హేటర్ కార్యశాలలో బొంబాయికి చెందిన కైకో మోతీ, కృష్ణారెడ్డి తదితరులు కలిసి ఈ చిక్కును విప్పారు. వారు రూపొందించిన పద్ధతిని విస్కాసిటీ ముద్రణ అంటారు. ఇంకు చిక్కదనమే దీనికి ఆధారం.

ముందుగా పలకను వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. అట్టడుగు గాట్లలో మొదటి ఇంకు నింపి తుడుస్తారు. అవిసె నూనె ఎక్కువ కలిపి పలుచన చేసిన రెండో ఇంకును గట్టి రోలర్‌తో పలకపై దొర్లిస్తారు. గట్టి రోలర్ లోపలికి వంగదు కాబట్టి ఎత్తైన భాగాలకే రంగు అంటుతుంది. నూనె తక్కువగా ఉన్న చిక్కటి మూడో ఇంకును మెత్తటి రోలర్‌తో నొక్కి దొర్లిస్తే అది పల్లపు భాగాల్లోకి దిగుతుంది. పైన అప్పటికే ఉన్న పలుచని నూనె ఇంకు దాన్ని అంటనీయదు. ఇలా మూడు రంగులూ వేటి చోట అవి నిలుస్తాయి. ప్రెస్సులో ఒక్కసారి తిప్పితే చాలు, రంగుల చిత్రం పూర్తిగా వస్తుంది. పలకను ఇన్ని లోతుల్లో మలచడానికి కృష్ణారెడ్డిలోని శిల్పి అక్కరకు వచ్చాడు. ఆయన పలకలు చేత్తో తడిమితే లోయలు, గట్లు తెలిసే చిన్న శిల్పాలు.

ఆయన తొలి చిత్రాల్లో చేప, పురుగు, సీతాకోకచిలుక వంటి ప్రకృతి రూపాలు ఎక్కువ. 1963 నాటి ‘వర్ల్‌పూల్’లో నీటి సుడి పలకంతా విస్తరిస్తుంది. పారిస్‌లో 1968లో విద్యార్థుల ఉద్యమాన్ని చూసి ‘డెమాన్‌స్ట్రేటర్స్’ చేశారు. 1980లలో వచ్చిన ‘గ్రేట్ క్లౌన్’ సర్కస్ విదూషకుడి గురించినది. అదే పలకకు రంగులు మార్చి మార్చి ఆయన తీసిన ప్రతుల్లో విదూషకుడి భావం కూడా మారుతుంది. ఆయన్ను అభివ్యక్తివాదిగా వర్గీకరించడం సరికాకపోయినా, బయటి రూపం కంటే లోపలి శక్తికే విలువ ఇవ్వడంలో ఆ ధోరణికి దగ్గరివారు.

లక్ష్మాగౌడ్, తెలంగాణ పల్లె

లక్ష్మాగౌడ్ 1940లో ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. చిన్నతనంలో చూసిన తోలుబొమ్మలాటలు, జానపద గాథలు, మట్టి బొమ్మల పనితనం ఆయన ఊహను పెంచాయి. తెలంగాణలో ఇలాంటి చేతికళల పునాది బలమైనది. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని చేర్యాలలో నకాషీలు కథను వరుస గడులుగా బట్టపై చిత్రిస్తే, అదే జిల్లాలోని పెంబర్తిలో ఇత్తడి రేకుపై ఉలితో రూపాలు తేలుస్తారు. పెంబర్తిలో చెక్కిన రేకే కళాఖండం. ఎచింగ్‌లో మాత్రం పలక సాధనమే, కళాఖండం కాగితం.

హైదరాబాద్ ప్రభుత్వ లలితకళల కళాశాలలో చదివాక, లక్ష్మాగౌడ్ 1963లో బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ వద్ద కుడ్యచిత్రకళ, ముద్రణ నేర్చుకున్నారు. తిరిగొచ్చి హైదరాబాద్ దూరదర్శన్‌లో పనిచేశారు. తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో అధ్యాపకుడిగా, డీన్‌గా సేవలందించారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు.

1960ల చివర, 1970లలో చేసిన ఎచింగ్‌లు ఆయనకు పేరు తెచ్చాయి. వాటిలో చాలావరకు రంగులు లేవు. వెంట్రుకంత సన్నని గీతలు, ఆక్వాటింట్ బూడిద ఛాయలే ఉంటాయి. తలపాగా చుట్టిన మగవాళ్లు, పల్లె ఆడవాళ్లు, మేకలు, చెట్లు ఒకదానిలో ఒకటి పెనవేసుకుపోతాయి. కామాన్ని దాపరికం లేకుండా ప్రకృతిలో భాగంగా చూపారు. అవయవాలను సాగదీయడంలో, రూపాలను వికృతం చేయడంలో, కోరికనూ భయాన్నీ రేఖతోనే పలికించడంలో అభివ్యక్తివాద లక్షణాలు స్పష్టం. అయినా అవి జర్మనీ అనుకరణలు కావు. ఆ ముఖాలు, ఆ మేకలు, ఆ ఎండిన నేల తెలంగాణవి. పల్లెను అందమైన దృశ్యంగా అలంకరించే అలవాటును ఈ చిత్రాలు బద్దలుకొట్టాయి. తర్వాతి కాలంలో ఆయన గాజు చిత్రాలు, టెర్రకోట, కంచు శిల్పాలు కూడా చేశారు.

ఇదే తరానికి చెందిన దేవరాజ్ దాకోజీ హైదరాబాద్, బరోడాల్లో చదివి, ఢిల్లీ గఢీ స్టూడియోలలో పనిచేసి, తర్వాత న్యూయార్క్‌లో ముద్రణ చిత్రకారుడిగా స్థిరపడ్డారు.

ప్రతులు, గుర్తింపు, భద్రత

ఎన్ని ప్రతులు తీయాలో కళాకారుడు ముందే నిర్ణయిస్తాడు. చిత్రం కింది అంచున పెన్సిల్‌తో 5/50 అని ఉంటే, మొత్తం 50 ప్రతుల్లో అది అయిదోదని అర్థం. పక్కనే చిత్రం పేరు, కళాకారుడి సంతకం ఉంటాయి. ఆ సంఖ్య పూర్తయ్యాక పలకపై అడ్డగీతలు గీసి రద్దు చేసే ఆచారం ఉంది. ఇంటాగ్లియో చిత్రం చుట్టూ పలక అంచు ఒత్తుకున్న పల్లపు గుర్తు కనిపిస్తుంది. వర్ణచిత్రాన్ని ఫొటో తీసి యంత్రంపై అచ్చువేసిన పోస్టర్‌ను భూతద్దంతో చూస్తే వరుస చుక్కలు బయటపడతాయి.

ముద్రణ చిత్రాలు కాగితంపై ఉంటాయి కాబట్టి నేరుగా ఎండ తగిలితే వెలిసిపోతాయి, తేమకు బూజు పడతాయి. ఆమ్లరహిత అట్టపై అమర్చి, గాజు తగలకుండా ఎడం ఇచ్చి చట్రం కట్టించాలి.

ఒక్క ప్రతి ఉండే వర్ణచిత్రం కంటే ముద్రణ చిత్రం ధర సాధారణంగా తక్కువ. అందువల్ల మధ్యతరగతి ఇంటికి కూడా పేరున్న కళాకారుడి అసలు రచన చేరగలదు. అయితే బరువైన ప్రెస్సు, ఆమ్లం పొగలు బయటికి పోయే ఏర్పాట్లు ఒక్కరి సొంత ఖర్చుతో సమకూర్చుకోవడం కష్టం. నత్రికామ్లానికి బదులు తక్కువ హాని చేసే ఫెరిక్ క్లోరైడ్ వాడకం పెరిగినా, నలుగురూ కలిసి పనిచేసే కార్యశాల అవసరం తీరలేదు. పారిస్‌లో కృష్ణారెడ్డి ఎదిగిందీ, ఇతరులకు నేర్పిందీ అలాంటి చోటే. తెలుగు నేలపై ఈ కళ విస్తరించాలంటే విశ్వవిద్యాలయాల బయట కూడా, వరంగల్ వంటి నగరాల్లో సైతం, అందరికీ తలుపులు తెరిచిన ముద్రణశాలలు కావాలి.