సబ్బు అమ్ముడుపోక పుట్టిన ఉద్యోగం: ప్రొడక్ట్ మేనేజర్ కథ

బీటెక్ అయిపోయి జాబ్‌లో చేరిన కొత్తలో నాకు ఒక డౌట్ ఉండేది. కోడ్ రాసేది డెవలపర్. స్క్రీన్లు గీసేది డిజైనర్. డెడ్‌లైన్ గుర్తు చేసి ప్రాణం తీయడానికి ప్రాజెక్ట్ మేనేజర్ ఎలాగూ ఉంటాడు. మరి ఈ ప్రొడక్ట్ మేనేజర్ ఏం చేస్తాడు? మీటింగులు పెడతాడు, టికెట్లు రాస్తాడు, అంతేనా? నిజం చెప్తున్నా, రెండేళ్లు అంతే అనుకున్నా. ఈ ఉద్యోగం ఎక్కడ పుట్టిందో తెలిశాక గానీ నా అభిప్రాయం మారలేదు. పుట్టింది సిలికాన్ వ్యాలీలో కాదు. ఒక సబ్బుల కంపెనీలో.

1931. అమెరికాలో ఆర్థిక మాంద్యం నడుస్తోంది. ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ. ఇవాళ మన ఇళ్లలో ఏరియల్, టైడ్ ఉన్నాయి కదా, వాళ్లే. వాళ్లకి 1879 నుంచి ఐవరీ అనే సబ్బు ఉంది, ఇంటింటా తెలిసిన పేరు. 1926లో కామే అని ఇంకోటి తెచ్చారు. అది ఎంతకీ పుంజుకోవట్లేదు.

మీరు కిరాణా షాపుకి వెళ్లి చూడండి. లక్స్, లైఫ్‌బాయ్, హమామ్ పక్కపక్కనే ఉంటాయి. మూడూ ఒకే కంపెనీవి, హిందుస్తాన్ యూనిలీవర్. కామే పరిస్థితి కూడా అలాంటిదే. బయట పామాలివ్‌తో, లక్స్‌తో పోటీ. ఇంట్లో ఐవరీతో పోటీ. సొంత కంపెనీలోనే పెద్దకొడుకు పక్కన చిన్నకొడుకు అన్నమాట. సేల్స్‌వాళ్లకి అన్ని సబ్బులూ అమ్మాలి, యాడ్స్‌వాళ్లకి అన్ని సబ్బులకీ యాడ్స్ చేయాలి. కామే ఫలానా ఊళ్లో ఎందుకు అమ్ముడుపోవట్లేదు అని అడిగితే, అది నా పని అని చెప్పేవాడు ఒక్కడూ లేడు.

కామే యాడ్స్ చూసే కుర్రాడి పేరు నీల్ మెకెల్‌రాయ్. వయసు 26. ఆ ఏడాది మే 13న టైప్ చేసి పైవాళ్లకి మూడు పేజీల మెమో పంపాడు. తన టీమ్‌కి మనుషులు కావాలని అడగడానికి రాసిన మామూలు ఆఫీసు కాగితం అది. కానీ ఒక్కో బ్రాండ్‌కీ ఒక బాధ్యుడు ఉండాలనీ, అతను ఏమేం చేయాలనీ అందులో వివరంగా రాశాడు. అతనికి పెట్టిన పేరు ‘బ్రాండ్ మ్యాన్’.

ఆ పనుల లిస్టు ఇవాళ చదివినా పాతబడలేదు. ఏ ప్రాంతానికి ఎంత సరుకు వెళ్తోందో లెక్కలు చూడాలి. బాగా పోతున్న చోట ఏం కలిసొచ్చిందో పట్టుకోవాలి, అదే వేరే చోట వాడాలి. పోని చోటికి మాత్రం లెక్కలు పక్కన పెట్టి స్వయంగా వెళ్లాలి. షాపువాళ్లతో, కొనేవాళ్లతో మాట్లాడి రోగం ఏంటో తేల్చాలి. ఆ తర్వాతే ప్లాన్. అది పనిచేసిందా లేదా అన్నది కూడా అతనే చూసుకోవాలి. ‘సబ్బు’ తీసేసి ‘యాప్’ అని పెట్టండి, ఇవాళ్టి జాబ్ డిస్క్రిప్షన్ రెడీ.

ఆ ‘స్వయంగా వెళ్లాలి’ దగ్గర నా అనుభవం ఒకటి చెప్తా. ఒకప్పుడు నేను షాపులకి బిల్లింగ్ యాప్ చేసే టీమ్‌లో ఉండేవాణ్ణి. మూడు నెలలు కూర్చుని రిపోర్టులకి ఫిల్టర్లు కట్టాం. డేటు వారీగా, ఐటమ్ వారీగా, అబ్బో. కొత్తగా వచ్చిన పీఎం ఒక శనివారం సాయంత్రం నన్ను ఒక కిరాణా కొట్టుకి లాక్కెళ్లింది. గంటసేపు నిలబడ్డాం. రష్ మొదలవ్వగానే ఓనర్ ఫోన్ పక్కన పెట్టేసి నోట్‌బుక్ తీశాడు. ఏంటన్నా అంటే, “ఒక చేత్తో పప్పు తూస్తూ నీ యాప్‌లో ఉద్దెర రాయాలంటే ఎట్లయితది తమ్మీ?” అన్నాడు. నా ఫిల్టర్లు ఆయన ఒక్కసారి కూడా తెరవలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అది వేరే విషయం. సోమవారం ఆవిడ ఫిల్టర్ల పని ఆపించి, ఉద్దెర ఖాతా ముందుకు తెచ్చింది.

సరే, మళ్లీ సిన్సినాటికి. కంపెనీ ప్రెసిడెంట్ రిచర్డ్ డ్యూప్రీ ఒప్పుకున్నాడు, పద్ధతి నిలబడింది. మెల్లగా మిగతా కంపెనీలూ అందుకున్నాయి. సాఫ్ట్‌వేర్‌లోకి కొంత మనుషులతోనే వచ్చింది: 1983లో ఇన్‌ట్యూట్ పెట్టిన స్కాట్ కుక్ అంతకుముందు ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ఉద్యోగి. మైక్రోసాఫ్ట్‌లో దారి వేరు. 1985లో మాక్ కోసం వచ్చిన ఎక్సెల్ రోజుల్లో జేబ్ బ్లూమెంథాల్ ‘ప్రోగ్రామ్ మేనేజర్’ అనే పాత్ర మొదలుపెట్టాడు. వాడేవాళ్లకి ఏం కావాలో తేల్చి, అది ఎలా పనిచేయాలో రాసిపెట్టడం ఆ పని. ప్రోగ్రామర్లు మాత్రం అతని కింద పనిచేసేవాళ్లు కారు.

నన్నడిగితే అసలు కిటుకు ఇక్కడే ఉంది. పీఎం అంటే మినీ సీఈఓ అని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. సీఈఓ మనిషిని తీసేయగలడు, డబ్బు ఆపగలడు. పీఎం నన్ను తీసేయలేడు. “ఎందుకు?” అని నేను అడిగితే కారణం చెప్పి ఒప్పించాల్సిందే. మెకెల్‌రాయ్ మెమోలో కూడా సేల్స్‌వాళ్ల మీద పెత్తనం అడగలేదు. వాళ్ల మీదున్న బ్రాండ్ బరువులో పెద్ద వాటా బ్రాండ్ మ్యాన్ మోస్తాడన్నాడు. అధికారం తక్కువ, జవాబుదారీ మొత్తం. అందుకే ఇంటర్వ్యూకి వెళ్లే ఫ్రెండ్స్‌కి నేను ఒకటే చెప్తా: ఏం కట్టించారో తర్వాత చెప్పండి, ఏది వద్దన్నారో, ఎవర్ని ఎలా ఒప్పించారో ముందు చెప్పండి.

మెకెల్‌రాయ్ 1948లో అదే కంపెనీకి ప్రెసిడెంట్ అయ్యాడు. 1957 అక్టోబర్ 4న రష్యా స్పుత్నిక్ పంపింది. సరిగ్గా అయిదు రోజులకి ఈయన అమెరికా రక్షణ మంత్రిగా ప్రమాణం చేశాడు. సబ్బులమ్మినాయనకి రక్షణ శాఖ! 1958లో ఆయన హయాంలోనే ఆర్పా అనే సంస్థ మొదలైంది. 1969లో తొలి మెసేజ్ పంపిన ఆర్పానెట్, అంటే మీరు ఇప్పుడు ఈ వీడియో చూస్తున్న ఇంటర్నెట్‌కి తాతలాంటిది, ఆ సంస్థ డబ్బుతో వచ్చిందే. ఆ కథ వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.