తాఖీదులో శాసననామము

కర్నూలు, కడప మండలములలోని పల్లెకు సర్కారు తాఖీదు వచ్చినపుడు ఇంటివారు ముందుగా చూచునది రూపాయల సంఖ్య; తరువాత గడువు. ఏ శాసనమును, అందలి యే సెక్షనును బట్టి ఆ తాఖీదు పుట్టినదో తెలుపు పంక్తిని చదువువారు అరుదు. ఆ పంక్తియే పేదవానికి రక్షయని మా యభిప్రాయము. అది యెట్లేర్పడినదో కొంచెము విచారింతము.

1800 సంవత్సరమున నిజాము దత్తమండలములను కుంఫిణీవారి వశము చేసెను. కడపసీమ యప్పుడే వారి యేలుబడిలోనికి వచ్చెను. కర్నూలు నవాబు ప్రభుత్వము 1839 వఱకు నిలిచెను. నవాబు హుకుమునకు ప్రభువు ముద్రయే ప్రమాణము. చెన్నపురి ప్రభుత్వమువారు 1802 మొదలు చేసిన రెగ్యులేషనులకు సంఖ్యయు సంవత్సరమును కూడ నుండెను. ఆ పుటను చదివించుకొనుటకు రైతు పరుల నాశ్రయింపవలసివచ్చిన మాట నిజమే. అయినను ఆజ్ఞ యిచ్చువాడును దానికి లోబడువాడును ఒకే పుటను తెఱచి వాదింపగల మార్గ మప్పు డేర్పడెను.

ఈ యాచారమునకు శాసనబలమును చేకూరెను. 1897 సంవత్సరపు 10వ ఆక్టు, అనగా జనరల్ క్లాజెస్ ఆక్టు, తన 28వ సెక్షనులో ఒక శాసనమును దాని పేరుతో గాని, సంఖ్యాసంవత్సరములతో గాని పేర్కొనవచ్చుననియు, అందలి విధిని సెక్షను సంఖ్యతో చూపవచ్చుననియు తెలిపినది.

రెండు మార్గము లేల యని చదువరు లడుగవచ్చును. పేరు రాజ్యముతో మాఱును గనుక! 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మవతరించెను; 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ మేర్పడెను. శాసనములు మాత్రము పాతవే నిలిచినవి. సర్కారు భూముల యాక్రమణను గూర్చిన 1905 సంవత్సరపు మద్రాసు శాసనము పిమ్మట ఆంధ్రప్రదేశ శాసన మనిపించుకొనెను. 1905లో ఆంధ్రప్రదేశ మెక్కడిదని విద్యార్థి వింతపడవచ్చును. పేరు మాఱినను 1905, 3వ ఆక్టు అను గుర్తు మాఱలేదు.

ఇందులో ఉన్న ప్రయోజన మేమి? పోరంబోకులో గుడిసె వేసికొన్న కూలివానికి “నిబంధనల ప్రకారము” అని మాత్రమే వ్రాసిన కాగిత మందినదనుకొందము. తన్ను సమాధానము చెప్పుమనుచున్నారో, వెడలగొట్టుచున్నారో వాడెఱుగడు. ఆ శాసనపు 7వ సెక్షనని యున్నచో సంజాయిషీ చెప్పుకొనుటకు వానికి గడువున్నదని యర్థము. 6వ సెక్షనన్నచో ఖాళీ చేయించుట. ఒక్క యంకెలో ఒక కుటుంబపు గూడు నిలుచుటయో కూలుటయో యున్నది.

1966లో తెలుగును అధికారభాషగా జేయు శాసనము వెలువడెను. ఇది మిక్కిలి సంతోషకరము. కాని ఒకే ఆక్టును ఒక గుమాస్తా చట్టమనియు, వేఱొకడు శాసనమనియు తెనిగించినపుడు సంఖ్యయు సంవత్సరమును లేకున్న మూలము దొరకదు. కావున ప్రతి తాఖీదులోను పేరు, సంఖ్య, సంవత్సరము, సెక్షను, తరువాతి సవరణ యున్నచో దానిని కూడ తేటగా వ్రాయవలయును. మన యిండ్లలోని స్త్రీలును బాలురును ఆ పంక్తిని చదువ నేర్వవలయును. అది లేని కాగితమునకు సమాధానము వ్రాయుటకు ముందు, “ఏ శాసనము? ఏ సెక్షను?” అని వినయముగనే యడుగవలయును. అడుగుట ధిక్కారము గాదు; శాసనమును గౌరవించుటయే.