ఖహ్వా మీద నడిచిన ముఖద్దమా

రంజాన్‌లో తరావీహ్ అయ్యాక చాయ్ హోటళ్ల ముందు జమయ్యే జనాన్ని మీరూ చూసే ఉంటారు. సహరీ దాకా జాగారం, చేతిలో కప్పు. ముస్లిం లోకంలో ఇలా నిద్రను ఆపడానికి కప్పును ఆసరా చేసుకోవడం ఐదు వందల ఏళ్లకు పైబడిన ముచ్చట. ఆ రోజుల్లో అది చాయ్ కాదు, ఖహ్వా. అంటే కాఫీ.

15వ శతాబ్దంలో యెమన్ సూఫీలు రాత్రుళ్లు జిక్ర్‌లో కూర్చునేవారు. కళ్లు మూతపడకుండా కాఫీ గింజలు, పొట్టు మరిగించి తాగేవారు. అరబ్బీలో ఖహ్వా అనే మాట అంతకుముందు షరాబుకూ ఉండేది. పేచీకి అదీ ఒక సబబే.

ఈ అలవాటు యెమన్ నుంచి మక్కాకు చేరింది. 1511లో అక్కడ మమ్లూక్ సుల్తాన్ తరఫు అధికారి ఖాయిర్ బేగ్. ఒక రాత్రి హరమ్ దగ్గర కొందరు దీపాల వెలుగులో ఖహ్వా తాగుతూ అతని కంటపడ్డారు. షక్ కలిగింది. ఉలమాను, హకీములను పిలిపించి విచారణ పెట్టాడు. దీని మిజాజ్ చల్లనిది, పొడిది, ఒంటికి చేటు అని హకీములు గవాహీ ఇచ్చారు. హరామ్ అని ఫైసలా అయింది. గింజలను వీధుల్లో తగలబెట్టారు. కానీ కైరో నుంచి సుల్తాన్ ఖాన్సూహ్ గౌరీ ఫర్మానా వచ్చేసరికి మాట మారింది. ఖహ్వా పేరిట గుమికూడడాన్నే అది తప్పుపట్టింది, తాగడాన్ని కాదు.

అప్పటి సవాల్ ఒక్కటే: ఇది నషానా, కాదా? ఒంట్లో ఇది అసలు ఏం చేస్తుందో చెప్పగల ఇల్మ్ అప్పుడు ఎవరి దగ్గరా లేదు. 1819లో జర్మనీలో రుంగే కాఫీ గింజల నుంచి కెఫీన్‌ను వేరు చేశాడు. దాని పనితీరు తెలిసింది 20వ శతాబ్దం చివరి భాగంలోనే.

మనం మేలుకున్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. ఇక పడుకో అనే పైగామ్ అదే. ఆ పైగామ్ అందుకునే చోట్ల కెఫీన్ వచ్చి అడ్డంగా కూర్చుంటుంది. అంటే కెఫీన్ తాఖత్ ఇవ్వదు, అలసట ఖబర్‌ను మాత్రం ఆపుతుంది. అలసట లోపల అలాగే ఉంటుంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. గర్భిణులకు ఇంకా ఎక్కువ. 2013లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో, పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నవాళ్లకు గంటకు పైగా నిద్ర తగ్గింది. చాయ్‌లోనూ ఉన్నది ఈ కెఫీనే, పాళ్లు కాస్త తక్కువ.

సూఫీలు కప్పు పట్టింది ఒక నియ్యత్‌తో. అర్ధరాత్రి ఫోన్ చూస్తూ మనం తాగే కప్పుకు ఏ నియ్యతూ లేదు. ఖర్జ్ మాత్రం ఇద్దరికీ ఒకటే, ఒంటి నుంచే వసూలవుతుంది. మగ్రిబ్ తర్వాత ఎవరైనా కప్పు అందిస్తే ఈ హిసాబ్ ఒకసారి యాద్ చేసుకోండి.