వైఫై వేగం: 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు మారడం ఎలా?

ఇంట్లో వేగవంతమైన బ్రాడ్‌బ్యాండ్ ఉన్నా ఆన్‌లైన్ తరగతి తరచూ ఆగిపోతుంటే, లోపం కనెక్షన్‌దే కానక్కరలేదు. ఫోన్ లేదా ల్యాప్‌టాప్ ఇంకా రద్దీగా ఉండే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌పైనే పనిచేస్తుండవచ్చు.

ఈ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డుపడని ఛానళ్లు సాధారణంగా మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు రూటర్లన్నీ వీటినే పంచుకోవాలి. బ్లూటూత్ పరికరాలు, మైక్రోవేవ్ ఓవెన్లు కూడా ఇదే బ్యాండ్‌లో పనిచేస్తాయి. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మరింత విశాలమైనది. ఇందులో 605 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌ను లైసెన్సు లేకుండా వినియోగించుకునేందుకు కేంద్ర ప్రభుత్వం 2018లో అనుమతించింది.

మారే విధానం

ముందుగా రూటర్, పరికరం రెండూ 5 గిగాహెర్ట్జ్‌కు అనుకూలమో కాదో చూసుకోవాలి. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంటే ఏ బ్యాండ్‌కు అనుసంధానమయ్యామో తెలియదు. రూటర్ అడుగున ముద్రించిన చిరునామాను బ్రౌజర్‌లో తెరిచి, సెట్టింగులలో వాటికి వేర్వేరు పేర్లు పెట్టాలి. తరువాత పరికరాన్ని 5 గిగాహెర్ట్జ్ పేరుకు అనుసంధానించి, అందులో భద్రమై ఉన్న పాత నెట్‌వర్క్‌ను తొలగించాలి. లేకుంటే అది మళ్లీ పాతదానికే మారిపోవచ్చు.

ఏవి మార్చకూడదు?

5 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలు దాటేటప్పుడు త్వరగా బలహీనపడతాయి. అందువల్ల రూటర్‌ను ఇంటి మధ్యలో, కొంత ఎత్తులో ఉంచడం మేలు. దూరపు గదుల్లోని పరికరాలను 2.4 గిగాహెర్ట్జ్‌పైనే ఉంచాలి. స్మార్ట్ బల్బులు, ప్లగ్‌లలో అనేకం ఆ బ్యాండ్‌పై మాత్రమే పనిచేస్తాయి కనుక దానిని పూర్తిగా నిలిపివేయరాదు. కదలని టీవీకి, కంప్యూటర్‌కు కేబుల్ అమర్చితే మిగతా పరికరాలకు వైఫైలో రద్దీ తగ్గుతుంది.